పబ్లిక్ హెల్తా? అంటే డాక్టరు కాదన్నమాట!

కిందటి నెల మా ఆడపడుచు వాళ్ల గృహప్రవేశంలో, భోజనాల దగ్గర జరిగిన ముచ్చట ఇది. నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. వరసకి మాకు పిన్నత్తగారు. పప్పన్నంలో నెయ్యి కలుపుకుంటూ అడిగింది.

"మీ పెద్దదానికి బీడీఎస్ అయిపోయిందటగా, క్లినిక్ ఎప్పుడు పెడుతోంది?"

"క్లినిక్ కాదండీ, ఎంపీహెచ్ చేస్తానంటోంది."

"అదేం చదువే?"

"ప్రజారోగ్యం అండీ. పబ్లిక్ హెల్త్‌లో పీజీ."

"పబ్లిక్ హెల్తా? అంటే డాక్టరు కాదన్నమాట!" అని కాసేపు ఆలోచించి, "సంబంధాలవాళ్ల దగ్గర ఆ మాట అనకండమ్మా. డెంటిస్టనే చెప్పండి. పబ్లిక్కూ గిబ్లిక్కూ అంటే మునిసిపాలిటీ అనుకుంటారు" అని సలహా కూడా ఇచ్చింది.

విస్తరి ముందు కూర్చుని పెద్దవాళ్లతో గొడవ పడకూడదని మా అమ్మ చెప్పేది. నోరు మూసుకుని బూరె తిన్నాను. ఇంటికొచ్చాక ఆ మూసుకున్న నోరు ఇక్కడ తెరుస్తున్నాను. నా కోపాలు భరించడం మీకు అలవాటే కదా.

"ఏం చదివితే ఏమొస్తుంది" అనే ప్రశ్న నాకు కొత్త కాదు. నేను బీఏలో తెలుగు తీసుకున్నప్పుడు మా బాబాయి, "తెలుగు చదివితే ఏమొస్తుంది? తెలుగొస్తుంది" అని నలుగురిలో నవ్వించాడు. నేనూ నవ్వాను. ఉద్యోగం రాలేదు, ఆయన మాటే నిజమైంది. అందుకని మా అమ్మాయి వచ్చి "అమ్మా, నేను క్లినిక్ పెట్టను" అన్నప్పుడు నేనేమీ ఎగిరి గంతెయ్యలేదు. గట్టిగానే అడిగాను. ఐదేళ్లు లక్షలు పోసి చదివించాం, ఇప్పుడీ కొత్త పాటేమిటని.

అది చెప్పింది వినండి. హౌస్ సర్జన్సీలో వీళ్లని కనిగిరి వైపు పల్లెలకి క్యాంపుకి తీసుకెళ్లారు. బడి పిల్లలని వరసగా కూర్చోబెట్టి నోళ్లు తెరిపిస్తే, ఒకడి తరవాత ఒకడికి పళ్ల మీద గోధుమరంగు గార. గార కాదది, ఫ్లోరైడు. నీళ్లలో లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే కష్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. ఆ హద్దు దాటిన బోరు నీళ్లు చిన్నప్పటి నుంచీ తాగితే ముందు పళ్లు, ఆ తరవాత ఎముకలు. "అమ్మా, ఎనభైమంది పిల్లల్ని చూశాను. నేను చెయ్యగలిగిందల్లా బ్రష్ ఎలా చేసుకోవాలో చెప్పి, పేస్టు పంచి రావడం. వాళ్లకి కావలసింది నేను కాదు, వేరే నీళ్లు" అంది. ఈ జబ్బు మొన్న పుట్టిందేమీ కాదు. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకలు బిగుసుకుపోతున్నాయని 1937లోనే వైద్యులు పత్రికల్లో రాశారు. ఎన్ని తరాల డెంటిస్టులు వచ్చి వెళ్లినా ఆ పిల్లల పళ్లు అలాగే ఉన్నాయి.

దానికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పండి.

ఇంతకీ మా ఇంట్లో అసలు విచిత్రం ఇంకొకటుంది. ఈ చదువుని మొదట ఎగతాళి చేసింది పిన్నత్తగారు కాదు, మా అత్తగారు. ఆవిడ నెలనెలా చీటీ కట్టేది ఏ డబ్బుతో అనుకుంటున్నారు? మా మామగారి పింఛనుతో. మామగారు ఏం ఉద్యోగం చేశారనుకుంటున్నారు? మలేరియా డిపార్టుమెంటులో!

మామగారు 1966లో చేరారు. పల్నాడు పల్లెల్లో సైకిలు మీద తిరగడం ఆయన పని. పదిహేను రోజులకోసారి ప్రతి గడపా తొక్కాలి. "ఎవరికన్నా జొరం వచ్చిందా?" అని అడగాలి. వచ్చిందంటే వేలు పొడిచి గాజు పలక మీద రక్తపు చుక్క తీసుకోవాలి, క్లోరోక్విన్ బిళ్లలు మింగించాలి, గోడ మీద వేసిన గళ్లలో ఆ రోజు తేదీ రాసి సంతకం పెట్టాలి. మన పాత ఇళ్ల గోడల మీద ఆ అంకెలు మీలో చాలామంది చూసే ఉంటారు. పల్లెల్లో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లు లేరట, "జొరాలాయన" అనేవారట. డాక్టరు కాదు. డిగ్రీ కూడా లేదు. ఆ జీతంతోనే ముగ్గురు పిల్లల చదువులు, ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు, మేమున్న ఈ ఇల్లు.

ఆ జొరాలాయనలు ఏం చేశారో లెక్క చెప్తాను. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో ఏడాదికి ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చేదని, ఎనిమిది లక్షలమంది పోయేవారని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టారు. 1965 వచ్చేసరికి కేసులు లక్షకి దిగాయి. ఏడున్నర కోట్లు ఎక్కడ, లక్ష ఎక్కడ! ఇక పోయిందిలే అని పట్టు వదిలారు. డీడీటీ సరఫరా సరిగా లేదు, దోమ మందుకి అలవాటు పడింది, చూసే మనుషుల మీద శ్రద్ధ తగ్గింది. 1976కి మళ్లీ అరవై నాలుగు లక్షలు. ఈ పని ఒకసారి చేసి చేతులు దులుపుకునేది కాదు. ఇంట్లో అంట్లు తోమడం లాంటిది. రోజూ తోముతున్నన్నాళ్లూ ఎవరికీ కనపడదు, రెండు రోజులు మానేస్తే వాసనొస్తుంది. గృహిణులం, ఈ మాట మనకి వేరే వివరించక్కర్లేదు.

అసలు మలేరియా దోమ వల్ల వస్తుందన్న రుజువు దొరికిందే మన గడ్డ మీద. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని చూసింది సికింద్రాబాదులో. అలాంటి చోట పుట్టి "పబ్లిక్ హెల్తా, అదేమిటి" అంటున్నాం.

ఇదంతా విని మీరు, ఈవిడ కూతురి చదువుకి డప్పు కొడుతోంది అనుకోవచ్చు. కాదు. ఇప్పుడు రెండో వైపు చెప్తాను, ఎందుకంటే నా అసలు కోపం ఆ వైపే.

మావారు బ్యాంకులో పని చేస్తారు. ఆయనకి ప్రతిదానికీ లెక్క కావాలి. "ప్రజాసేవ బాగానే ఉంది, ముప్పై ఏళ్లు వచ్చేసరికి దీనికి జీతమెంత, పర్మినెంటా కాదా, అది చెప్పు" అన్నారు. నేను ఆయన్ని తప్పు పట్టను. నాకూ అదే భయం. అందుకని అమ్మాయికి ఒక పని పెట్టాను. కాలేజీల వెబ్‌సైట్లు చూడొద్దు, అక్కడ అందరూ నవ్వుతూనే ఉంటారు. ఆ చదువు చదివి మూడు నాలుగేళ్లయినవాళ్లని పట్టుకుని మాట్లాడు, ఆ తరవాతే మాట్లాడదాం అన్నాను. పదకొండుమందితో మాట్లాడింది. నేనూ స్పీకరు పెట్టించి విన్నాను.

తేలిందేమిటంటే, ఉద్యోగాలు లేవన్న మాట అబద్ధం. ఉన్నాయి. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, ఐఐపీహెచ్ ఉంది, కళ్లాసుపత్రుల్లో కూడా ప్రజారోగ్య విభాగాలున్నాయి. మందుల కంపెనీలకి పని చేసిపెట్టే ఆఫీసుల్లో డేటా చూసే పని, మందు వాడాక వచ్చే దుష్ఫలితాలు నమోదు చేసే పని, రిపోర్టులు రాసే పని, వీటిల్లో చేరినవాళ్లే ఆ పదకొండుమందిలో నలుగురు. జీతాలు పరవాలేదు. కానీ ఒక అమ్మాయి నిజం చెప్పింది. "ఆంటీ, నేను ఊళ్లలో పని చేద్దామని ఈ చదువు చదివాను, ఇప్పుడు ఏసీలో కూర్చుని అమెరికా పేషెంట్ల లెక్కలు చూస్తున్నాను" అంది.

మరి ఊళ్లలో పని? అక్కడే ఉంది మెలిక. జాతీయ ఆరోగ్య మిషన్ కింద జిల్లాల్లో ఉద్యోగాలున్నాయి. చాలావరకు కాంట్రాక్టు. ఏడాదికోసారి కొనసాగింపు కాగితం కోసం ఎదురుచూడాలి. చాలా పోస్టులకి మొదటి వరస ఎంబీబీఎస్ చదివినవాళ్లది. వాళ్లు రాకపోతేనే మిగిలినవాళ్ల వైపు చూస్తారు. మా అమ్మాయికి సీనియరు ఒకతను, బీడీఎస్ మీద ఎంపీహెచ్ చేసినవాడు, కోవిడ్ అప్పుడు ఒక జిల్లాలో పని చేశాడు. రోజూ పాజిటివ్ వచ్చినవాళ్ల జాబితా పట్టుకుని, ఎవరెవరిని కలిశారో కనుక్కుని ఫోన్లు చేయించడం, ఏ వీధిలో ఎక్కువ వస్తున్నాయో పటం గీసి కలెక్టరాఫీసుకి పంపడం. రెండేళ్లు ఇంటి మొహం సరిగా చూడలేదు. కేసులు తగ్గాక కాంట్రాక్టు పొడిగించలేదు. ఆఖరి రెండు నెలల జీతం కోసం ఏడు సార్లు తిరిగాడట. 2020 మార్చిలో మనమంతా బాల్కనీల్లో నిలబడి చప్పట్లు కొట్టాం కదా, కంచాలు కూడా మోగించాం. కంచంలోకి అన్నం మాత్రం పెట్టలేదు.

మా మామగారికి డిగ్రీ లేకుండా పర్మినెంటు ఉద్యోగం, పింఛను. ఆయన మనవరాలి తరానికి రెండు డిగ్రీలు, ఏడాది కాంట్రాక్టు. ఇది చదువు తప్పా?

తప్పు ఎక్కడుందో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. మద్రాసు రాష్ట్రం 1939లోనే ప్రజారోగ్య చట్టం తెచ్చింది. అప్పుడు మన కోస్తా, రాయలసీమ కూడా ఆ రాష్ట్రంలోవే! తమిళనాడువాళ్లు అదే దారిలో నడిచారు. వాళ్లకి ప్రజారోగ్యానికి విడిగా ఒక డైరెక్టరేట్, విడిగా అధికారులు, విడిగా ప్రమోషన్లు. ఆసుపత్రి నడిపేవాళ్లు వేరు, జబ్బు రాకుండా చూసేవాళ్లు వేరు. ఇలాంటి ప్రత్యేక ఉద్యోగ వర్గం అన్ని రాష్ట్రాల్లోనూ ఉండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 2022లో కేంద్రం దానికి మార్గదర్శకాలు కూడా అచ్చేసి రాష్ట్రాలకి పంపింది. ఇన్నేళ్ల తరవాత మా ఇంట్లో ఒక పిల్ల నోటిఫికేషన్ల కోసం ఫోను చూసుకుంటూ కూర్చుంటోంది. ఓ పక్క కొత్త కొత్త యూనివర్సిటీలు ఎంపీహెచ్ కోర్సులు తెరుస్తూనే ఉన్నాయి. సీట్లు పెంచేవాళ్లకి పోస్టులు ఎవరిస్తారో పట్టదు. వంద ఇస్తర్లు వేసి పది మందికి వండినట్టుంది.

2020 డిసెంబరులో ఏలూరులో ఏం జరిగిందో మరిచిపోయారా? ఉన్నట్టుండి జనం మూర్ఛలొచ్చి పడిపోయారు. వందలమంది ఆసుపత్రిపాలయ్యారు. ఢిల్లీ నుంచి, హైదరాబాదు నుంచి బృందాలు పరిగెత్తుకొచ్చాయి. రక్తంలో సీసం అన్నారు, పురుగుమందులన్నారు, నీళ్లన్నారు, కూరగాయలన్నారు. అప్పుడు కావలసింది మందు రాసే డాక్టరు ఒక్కడే కాదు. ఇంటింటికీ వెళ్లి "నిన్న ఏం తిన్నారు, ఏ కుళాయి నీళ్లు తాగారు, మీ పక్కింటివాళ్లకి ఎందుకు రాలేదు" అని ఓపిగ్గా అడిగి, పట్టిక వేసి, పోల్చి చూసేవాళ్లు కావాలి. ఆ అడగడం కూడా ఒక చదువే, పిన్నత్తగారూ. అలాంటివాళ్లు ప్రతి జిల్లాలోనూ ముందే జీతం మీద ఉండాలి. మంట అంటుకున్నాక బావి తవ్వడం మనకి అలవాటైపోయింది.

ఇక కన్సల్టెన్సీల సంగతి. గుంటూరులో బ్రాడీపేట వీధుల్లో నడిస్తే చాలు. మేం వెళ్లిన చోట ఒక కుర్రాడు, టై కట్టుకున్నాడు, మా అమ్మాయి బీడీఎస్ అనగానే "మేడం, యూఎస్‌లో ఎంపీహెచ్! జీఆర్ఈ కూడా అక్కర్లేదు, నలభై ఐదు లక్షలు లోను, ఏడాదిలో తీర్చెయ్యొచ్చు" అన్నాడు. నేను ఒకటే అడిగాను. "బాబూ, చదువయ్యాక పని చెయ్యడానికి ఎన్నాళ్లు ఉండనిస్తారు?" "మూడేళ్లు మేడం." మా అమ్మాయి నన్ను మోచేత్తో పొడిచింది. బయటికొచ్చాక చెప్పింది. ఆ మూడేళ్లు అందరికీ కాదట. చదువయ్యాక ఏడాది అందరికీ ఇస్తారు. ఇంకో ఇరవై నాలుగు నెలలు స్టెమ్ జాబితాలో ఉన్న కోర్సులకే. మామూలు పబ్లిక్ హెల్త్ కోర్సుకి 51.2201 అని కోడు ఉంటుంది, అది ఆ జాబితాలో లేదు. ఎపిడెమియాలజీ 26.1309, బయోస్టాటిస్టిక్స్ 26.1102, ఇవి ఉన్నాయి. యూనివర్సిటీ పంపే ఐ-20 కాగితం మీదే ఆ కోడు అచ్చేసి ఉంటుంది. పిల్లల్ని పంపే తల్లులారా, ఆ కాగితం వచ్చినప్పుడు పిల్లల పేరు స్పెల్లింగు ఒక్కటే చూసి మురిసిపోకండి, ఆ అంకె చూడండి. ఇల్లు తాకట్టు పెట్టేది మనం, టై కట్టుకున్న కుర్రాడు కాదు.

పైగా అక్కడి పరిస్థితి మాత్రం ఏముంది? 2025 ఏప్రిల్‌లో ఒక్కసారే అక్కడి కేంద్ర ఆరోగ్య శాఖలో పదివేల ఉద్యోగాలకి కోత పెట్టారు. అందులో సీడీసీవాళ్లూ ఉన్నారు. జులై వచ్చేసరికి యూఎస్‌ఎయిడ్ అనే సంస్థే లేకుండా పోయింది. ఆ డబ్బుతో మన దేశంలో నడుస్తున్న క్షయ ప్రాజెక్టుల్లాంటివి ఆగిపోయి ఇక్కడి పిల్లలూ రోడ్డున పడ్డారు. అమ్మాయి మాట్లాడిన పదకొండుమందిలో ఇద్దరు అలా పోయినవాళ్లే. ఆ దేశంలో బాగుపడ్డవాళ్లు లేరని కాదు. అంకెలతో ఆడుకోగలిగినవాళ్లు, ఆ ప్రోగ్రాములేవో నేర్చినవాళ్లు ఎక్కడున్నా నిలదొక్కుకుంటున్నారు. ఊరికే "హెల్త్‌కేర్‌లో ఏదో ఒకటి" అని వెళ్లినవాళ్లే అప్పుతో మిగులుతున్నారు.

ఇంతా విన్నాక మావారు ఒక షరతు పెట్టారు. ప్రైవేటు కాలేజీ వద్దు, అమెరికా వద్దు, ప్రభుత్వ సంస్థలో సీటొస్తే చదువు, రాకపోతే క్లినిక్. దేశంలో మొట్టమొదట ఎంపీహెచ్ పెట్టింది తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో, 1997లో. చెన్నైలో జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఉంది. మన హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఉంది. వీటన్నిటికీ రాసింది. నేను కూడా నా షరతు ఒకటి పెట్టాను. ఎక్కడ చేరినా లెక్కల పేపరు తప్పించుకోకూడదు. బీఏ చదివినదాన్ని, నాకేం తెలుసని చెప్పానో గానీ, ఆ పదకొండుమందిలో స్థిరంగా ఉన్నవాళ్లంతా స్టాటిస్టిక్స్ వచ్చినవాళ్లే అని మాత్రం విన్నాను.

తిరువనంతపురం నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది.

ఆ రోజు మామగారు ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం మనవరాలిని పిలిచి, ఆ గాజు పలక మీద రక్తం ఎలా పూయాలో, పలచగా ఒకటి, దళసరిగా ఒకటి, చేత్తో గాలిలో చూపించారు. ఎనభై ఏళ్లాయన. చెయ్యి వణుకుతోంది. "ఇప్పుడు కిట్లొచ్చాయి తాతయ్యా" అంది అది. "కిట్లు అయిపోయినప్పుడు?" అన్నారాయన. అత్తగారు టీవీ సౌండు తగ్గించి వింది. ఏమీ అనలేదు, అదే గొప్ప.

సీటు వస్తుందో రాదో తెలీదు. వచ్చినా రెండేళ్ల తరవాత ఉద్యోగం సంగతి అంతకన్నా తెలీదు. ఒకవేళ కాంట్రాక్టు కాగితం కోసం మా అమ్మాయి కూడా ఏదో ఆఫీసు చుట్టూ ఏడు సార్లు తిరగాల్సి వస్తే, ఎనిమిదోసారి నేను వెళ్తాను, ఇప్పుడే చెప్తున్నాను.

శబరి ఎక్స్‌ప్రెస్‌లో తండ్రీకూతుళ్లకి టికెట్లు చేశారు. గుంటూరు నుంచి ఒక రాత్రీ ఒక పగలూ ప్రయాణం. పులిహోర కట్టివ్వాలి. మా ఆడపడుచుకి ఆయన ఇంకా చెప్పలేదు. పిన్నత్తగారికి నేనే ఫోను చేసి చెప్తాను, ఈసారి విస్తరి ముందు లేనుగా.